మొదటి సర్వీసు కండక్టరు ప్రార్థన ఎప్పుడు చేసుకోవాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేస్తున్నాను. వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామున బయలుదేరే మొదటి సర్వీసు నాదే. మూడున్నరకు లేచి, పిల్లల డబ్బాలు సర్ది, డిపోకు పరుగెత్తాలి. ఆదివారాలు సగానికి పైగా డ్యూటీలోనే గడిచిపోతాయి. మా అత్తయ్య రోజూ నాలుగింటికి లేచి గంటసేపు మోకాళ్ల మీద ఉంటారు. ‘ఒంగోలు సంఘం పుట్టిందే ప్రార్థన కొండ మీద, చీకటితో లేచి మోకరించినవాళ్ల వల్ల’ అంటుంటారు. రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన. పాట పూర్తయ్యేసరికి నాకు కళ్లు మూతలు పడతాయి. ‘మా అమ్మ ప్రార్థనలో నిద్రపోతుంది’ అని మా చిన్నవాడు సండేస్కూల్లో చెప్పాడట. సిగ్గుతో చచ్చిపోయాను. పోయిన నెల పట్టుదలగా ఇరవై ఒక్క రోజుల ఉపవాసం మొక్కుకొని, ఆరో రోజున బస్సులోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. ఉపవాసం ఆపేశాను. ఆ వారంలోనే బాబుకు జ్వరం వచ్చింది. మొక్కు తప్పినందుకేనా అని భయం పట్టుకుంది. నాలాంటివాళ్లు రోజూ ప్రార్థన ఎలా చేసుకోవాలి? సంఘానికి వెళ్లలేని ఆదివారాలను ఏం చేయాలి?

సమాధానం: చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

మీ బాబుకు జ్వరం మీ ఉపవాసం ఆగిపోయినందుకు రాలేదు. పుట్టు గుడ్డివాణ్ని చూపించి, ఎవరు చేసిన పాపానికి వీడిలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు యేసు ప్రభువు ఏమన్నాడు? ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అన్నాడు. ఎవరికి ఏ కష్టం వచ్చినా వెనక ఒక తప్పును వెతికే అలవాటు శిష్యులకే ఉంటే మనకు ఉండదా? కానీ ఆ అలవాటును ఆయన అక్కడికక్కడే కాదన్నాడు. తల్లి అన్నం మానలేకపోయిందని పసివాడి ఒళ్లు కాల్చే దేవుణ్ని సువార్తల్లో ఎక్కడా చూడం. అలాంటివాడికి ప్రార్థన చేయాలని ఎవరికైనా ఎందుకు అనిపిస్తుంది?

‘మ్రొక్కుకొంటే చెల్లించాలి కదా, ప్రసంగి గ్రంథంలో ఉంది కదా’ అని ఎవరైనా అంటారేమో. ఉంది. అయితే మార్కు సువార్త ఏడో అధ్యాయం కూడా చదవండి. కొర్బాను అని చెప్పి, దేవునికి మొక్కుకున్నామన్న పేరుతో తల్లిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టేవారిని ప్రభువు గట్టిగా మందలించాడు. మొక్కు పేరు చెప్పి ఎదుటి మనిషి పట్ల మన బాధ్యతను వదిలేయడం ఆయనకు సమ్మతం కాదు. బస్సు నిండా జనం ఉన్నప్పుడు, మెట్ల దగ్గర ముసలివాళ్లు దిగుతున్నప్పుడు, కండక్టరు స్పృహ తప్పితే ఎవరికి క్షేమం? మీరు ఉపవాసం ఆపడం తప్పు కాదు, అవసరం. అది అలా ఆగిందని దేవునితో చెప్పేయండి, ఒక్క మాట చాలు. తర్వాత రెండు పనులు చేయండి. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకొని హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గంటల తరబడి నిలబడి పనిచేసే ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే దానికి ఒంట్లో కారణం ఉండవచ్చు. రెండోది, డ్యూటీ ఉన్న రోజున ఉపవాసం పెట్టుకోవద్దు. ఉండాలనిపిస్తే వారపు సెలవు రోజున ఒక పూట, నీళ్లు తాగుతూ ఉండండి, అదీ డాక్టరు సరేనన్న తర్వాతే. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏమిటో తానే చెప్పాడు. ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం, దుర్మార్గపు కట్లు విప్పడం అన్నాడు. అది బస్సులో కూడా చేయవచ్చు.

ఇక నిద్ర. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతనికి ముందుగా వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. ఆ తర్వాతే హోరేబు కొండకు ప్రయాణం, ఆ తర్వాతే మాట. మూడున్నరకు లేచిన మనిషికి రాత్రి ఎనిమిదిన్నరకు కళ్లు మూతలు పడటం భక్తిలేనితనం కాదు, శరీరం తన లెక్క తాను అడగడం. 127వ కీర్తనలో ‘తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు’ అని ఉంది. ఆ మాట మీలాంటివారి కోసమే ఉందనుకుంటాను.

అలాగని, పని చేయడమే ప్రార్థన, వేరే ప్రార్థన అక్కర్లేదు అని మీకు చెప్పను. ఆ మాట విన్నప్పుడు హాయిగానే ఉంటుంది. కానీ అలా అనుకున్నవారిలో చాలామంది కొన్నాళ్లకు పని మాత్రమే చేస్తూ మిగిలిపోవడం చూశాను. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలీయ మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్ గురించి మన ప్రసంగాల్లో తరచూ వింటాం. గిన్నెలు కడుగుతూ కూడా దేవుని సన్నిధిలో ఉన్నాడని చెబుతారు. నిజమే. కానీ ఆయన ఉన్నది రోజుకు ఎన్నోసార్లు ప్రార్థనకు గంట మోగే ఇంట్లో. ఆ గంటలు లేకుండా ఆ వంటగదిని ఊహించలేం. మీకూ ఒక గంట కావాలి. చిన్నదే, కానీ తప్పకుండా మోగేది.

మీ అత్తయ్యగారు ప్రార్థన కొండ ప్రస్తావన తెచ్చారు కాబట్టి మీ ఊరి చరిత్రనే గుర్తుచేస్తాను. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి ప్రార్థన చేశారు. జూలియా అనే తెలుగు విశ్వాసురాలు ఆ రోజు వారితో ఉంది. అత్తయ్యగారు చెప్పేది నిజం, అది మనం మరచిపోకూడని ప్రార్థన.

అయితే ఆ ప్రార్థనకు జవాబు ఎక్కడ దొరికిందో కూడా చూడాలి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగినప్పుడు, ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పనిని చూసుకునే మేస్త్రీలుగా తెలుగు బోధకులనే పెట్టాడు. ఆకలితో ఊళ్లు వదిలి వచ్చిన జనం పలుగు, పార, తట్ట పట్టి మట్టి మోశారు. మధ్యలో కాస్త సేద తీరడానికి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ల పక్కన కూర్చొని సువార్త చెప్పారు. వాళ్లు విన్నది ఆ నాలుగు మాటలే. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ ఊరి సంఘానికి కొండా ఉంది, కాలువ గట్టూ ఉంది. చీకటితో లేచి మోకరించినవారు కొద్దిమందైతే, చేతిలో తట్ట పట్టుకునే ప్రభువును తెలుసుకున్నవారు వేలమంది. మీరు ఆ రెండోవారి బిడ్డలు. ఇందులో తక్కువ ఏముంది?

ఇప్పుడు మీ రోజు ఎలా ఉండవచ్చో చెబుతాను. పెద్ద ప్రణాళిక ఏమీ కాదు.

ఉదయం సొంత మాటలతో ప్రార్థించాలని ప్రయత్నించవద్దు. నిద్రమత్తులో మాటలు రావు, రాలేదని మళ్లీ బాధ. సిద్ధంగా ఉన్న మాటలే వాడుకోండి. కీర్తనలు అందుకే ఉన్నాయి. 121వ కీర్తన ఎనిమిది వచనాలే, కంఠస్థం చేయండి. ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అని మొదలై, ‘ఇది మొదలుకొని నిరంతరము నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును’ అని ముగుస్తుంది. రోజంతా రాకపోకల్లోనే బతికే మనిషికి ఇంతకంటే తగిన మాట ఏముంటుంది? ఇంటి నుంచి డిపోకు నడిచేటప్పుడు చెప్పుకోండి. పెదవులు కదిలితే చాలు, గొంతు పెగలాల్సిన పనిలేదు. బస్సు కదిలేముందు, టిమ్ యంత్రం ఆన్ చేసి మొదటి టికెట్టు కొట్టేముందు, ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కసారి. తొందరపడకుండా చెప్పినా నిమిషం పట్టదు. తొలి శతాబ్దాల విశ్వాసులు దాన్నే రోజుకు మూడుసార్లు చెప్పుకొనేవారు. మీరూ మూడుసార్లే చెప్పండి. బస్సు కదిలేముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసేముందు ఒకసారి, సాయంత్రం క్యాష్ కట్టి బయటికి వచ్చాక ఒకసారి. దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు, పేతురు యోహానులు పగలు మూడు గంటల ప్రార్థనకాలానికి దేవాలయానికి వెళ్లారు. వేళ పెట్టుకోవడం మన విశ్వాసంలో మొదటి నుంచీ ఉంది. ఆ వేళలను గడియారానికి బదులు మీ పనికే ముడిపెట్టమంటున్నాను, అంతే. డ్యూటీ మారినా అవి మారవు.

అంతేనా, మరీ చిన్నది కదా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. మాటలు పెరిగితే మనవి వినబడుతుందనుకోవద్దని చెప్పిన వెంటనే ప్రభువు ఆ చిన్న ప్రార్థన నేర్పాడు. ప్రభువు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన ఎంత? ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ అతడు నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. మన కూటాల్లో ప్రార్థన పొడవును బట్టి భక్తిని కొలవడం ఎక్కువైపోయింది. పది నిమిషాలు ప్రార్థించినవారి కంటే అరగంట ప్రార్థించినవారు పెద్ద విశ్వాసులైపోతున్నారు. దీని గురించి నాకు నిజంగా బాధగా ఉంది. మీలాంటివారు మాకు ప్రార్థన రాదు అనుకొని వెనక్కి జరిగిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఇక బస్సులో. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ల రద్దీ ఎంతగా పెరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టేలోపే సీటు కోసం ఇద్దరు అరుచుకుంటుంటారు. అలాంటప్పుడు నెహెమ్యాను తలచుకోండి. రాజు ఎదుట నిలబడి ఉన్నాడు, రాజు ప్రశ్న అడిగాడు, జవాబు చెప్పాలి. ఆ మధ్యలో ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. మోకరించడానికి సమయం లేదు, కళ్లు మూసుకోవడానికి కూడా లేదు. ఆ ప్రార్థనలో ఏ మాటలున్నాయో బైబిలు రాయనే లేదు. గొడవ పడుతున్నవాళ్ల వైపు నడిచే ఆ నాలుగు అడుగుల్లో ‘ప్రభువా, నా నోటికి కావలి ఉంచు’ అనుకోండి. 141వ కీర్తనలో దావీదు అడిగింది అదే.

ఇంకొకటి, చిన్న విషయంలా కనిపిస్తుంది. చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక బాకీ రాసి ఇస్తారు కదా. దిగే హడావుడిలో కొందరు అడగడం మరచిపోతారు. చదువురానివాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలున్న తల్లులు ఎక్కువగా మరచిపోతారు. స్టేజీ వచ్చేముందే గుర్తుపెట్టుకొని, పిలిచి ఆ ఏడు రూపాయలు చేతిలో పెట్టండి. మీరు ఇప్పటికే అలా చేస్తుండవచ్చు. అయితే ఇకనుంచి దాన్ని ఆరాధనలో భాగంగా చేయండి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, సహోదరునికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. ఆదివారం కానుక పెట్టెలో వేసేదానికీ సోమవారం జేబులో మిగిలిన చిల్లరకూ సంబంధం లేదనుకుంటే ఆ మాట మనకు అర్థం కానట్టే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. యూనిఫాంలో ఉన్నంతసేపు ప్రయాణికులకు కరపత్రాలు పంచడం, ఫోనులో పాటలు పెద్దగా పెట్టడం వద్దు. బస్సు అందరిదీ. అన్ని మతాలవారూ మీ మర్యాదను నమ్మి ఎక్కుతారు. అక్కడ మీ సాక్ష్యం మీ పనితనమే.

అత్తయ్యగారి సంగతికి వద్దాం. ఆవిడ మాట మీకు గుచ్చుకుంటోంది, అది తెలుస్తోంది. కానీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి తోచింది. ఆవిడకు సమయం ఉంది, మోకాళ్లున్నాయి, కానీ ఇల్లు దాటి లోకం కనిపించదు. మీకు రోజూ వందలమంది కనిపిస్తారు, మోకరించే సమయం లేదు. ఇద్దరూ కలిస్తే పూర్తి ప్రార్థన అవుతుంది. సాయంత్రం టీ తాగేటప్పుడు రోజుకు ఒక్కరి గురించి ఆవిడకు చెప్పండి. ‘అత్తయ్యా, ఈ రోజు ఒక పెద్దాయన డయాలిసిస్ చేయించుకొని వస్తూ ఎక్కాడు. చేతికి కట్టుంది, తోడు ఎవరూ లేరు. రేపు తెల్లవారుజామున ఆయన కోసం ప్రార్థన చేయండి’ అని అడగండి. మీ మీద ఫిర్యాదుగా మొదలైన ఆ తెల్లవారుజాము నాలుగింటి ప్రార్థన మీ బస్సుకు కాపలాగా మారుతుంది. ఆవిడ కూడా మిమ్మల్ని వేరే కంటితో చూస్తారని నా నమ్మకం. అయితే పేర్లు, ఊర్లు, ఇంటి గుట్లు చెప్పవద్దు. ప్రార్థన అంశాల పేరుతో పక్కింటి కబుర్లు చెప్పుకొనే జబ్బు మన కూడికల్లో బాగానే ఉంది, దాన్ని మీ ఇంటికి రానివ్వకండి.

కుటుంబ ప్రార్థన వేళను మార్చమని కూడా అడగండి. మీవారితో ముందుగా మాట్లాడి, ఆయన చేత చెప్పించడం మేలు. మొదటి సర్వీసు ఉన్న రోజుల్లో ఏడింటికి, భోజనానికి ముందు. పాటలో ఒక చరణం, కీర్తనలో కొంత భాగం, ప్రభువు ప్రార్థన. పది నిమిషాలు చాలు. కీర్తన చిన్నవాడి చేత చదివించండి. తప్పులు దిద్దకండి. సండేస్కూల్లో వాడు అన్నదానికి సిగ్గుపడకండి. అబద్ధం చెప్పలేదు కదా! ‘నిజమే నాన్నా, అమ్మ అలసిపోయి నిద్రపోతుంది. అప్పుడు అమ్మ కోసం నువ్వు ప్రార్థన చేస్తావా?’ అని అడిగి చూడండి. రాత్రి పడుకునేముందు వాడి నుదుటి మీద చేయి వేసి, నాలుగో కీర్తన చివరి వచనం, నెమ్మదిగా పడుకొని నిద్రపోతానన్న దావీదు మాట, ఇద్దరూ కలిసి చెప్పుకోండి. మాటలు పూర్తిగా రాని రాత్రులుంటాయి. యుక్తంగా ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు, ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని పౌలు రాశాడు. ఆ రాత్రుల్ని ఆయనకు వదిలేయండి.

చివరిగా ఆదివారాలు. ఫోనులో ఆరాధన చూడటం తప్పని రోజుల్లో సరే. కానీ అదే అలవాటైతే మీరు ప్రేక్షకురాలిగా మిగిలిపోతారు. పక్కన నిలబడి పాడేవారు, మీ ముఖం చూసి ఏమైందమ్మా అని అడిగేవారు, ఒకే రొట్టెలో పాలు పంచుకొనేవారు ఫోనులో దొరకరు. చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంటుంది. మీ సంఘంలో ఎప్పుడో చూసుకొని, ఆ ఒక్క ఆదివారం కోసం డ్యూటీ మార్చుకునే ప్రయత్నం చేయండి. మీ తోటి కండక్టర్లలో పండుగలకు సెలవు కావలసినవారుంటారు. సంక్రాంతికి, రంజానుకు వాళ్ల డ్యూటీ మీరు చేస్తే, మొదటి ఆదివారం మీ డ్యూటీ వాళ్లు చేయడానికి ఒప్పుకోవచ్చు. మిగతా ఆదివారాలకు బదులు వారం మధ్యలో మీ వీధికి దగ్గరగా జరిగే ఇంటి కూడికకో, స్త్రీల కూడికకో వెళ్లండి. ఆ భోజనానికి రెండు మూడు నెలలు రాలేకపోతే పాస్టరుగారికి చెప్పండి. మంచాన పడినవారికి ఇంటికి వెళ్లి దాన్ని ఇవ్వడం మన సంఘాల్లో ఉన్నదే. డ్యూటీ వల్ల రాలేనివారికి ఒక సాయంత్రం ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం ఉంటుందనుకోను. ఒంగోలులో ఆర్టీసీవాళ్లు, నర్సులు, పోలీసులు, హోటలు పనివాళ్లు మీ సంఘంలోనే ఎంతమంది ఉన్నారో లెక్క చూడమని కూడా ఆయన్ను అడగండి. అందరికీ కలిపి వారంలో ఒక సాయంత్రం ఆరాధన పెట్టడం కష్టమైన పని కాదు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నెల డ్యూటీ చార్టు వెంట తీసుకెళ్లండి. నోటితో చెబితే సాకులా వినిపిస్తుంది, కాగితం చూపిస్తే ఆయనకే అర్థమవుతుంది.